ఫిల్టర్ మనమే మార్చుకుంటే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది గాజువాక. 2023లో నా భార్య పేరున రూ. 9.4 లక్షలకు కారు కొన్నాం, మూడేళ్ల వారంటీ. మా నాన్నగారికి ఆయాసం. ఏసీ వేస్తే బూజు వాసన వస్తోందని, వీడియో చూసి, లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ నేనే మార్చాను. ఆటోనగర్‌లో రూ. 350కి కొన్నాను, ఫోన్‌పేలో కట్టాను, బిల్లు తీసుకోలేదు. ఐదు వారాలకు, వానల్లో, ఏసీ గాలి తోసే ఫ్యాను, అదే బ్లోయర్, గరగరలాడి ఆగిపోయింది. షోరూమ్‌లో ‘బయటి పని జరిగింది, వారంటీ లేదు’ అని చెప్పి కొత్త మోటారు వేసి రూ. 11,600 కట్టించుకున్నారు. పదిమందిలో నన్ను దొంగలా చూశారు. ఇది 2024 ఆగస్టు 19న జరిగింది. అప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాను. కొట్టువాడు పాత తేదీ వేసి కంపెనీ ఫిల్టర్ అని బిల్లు ఇస్తానంటున్నాడు. తీసుకోనా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఆ బిల్లు ముట్టుకోవద్దు. జీఎస్టీ బిల్లుకు వరుస నంబరు ఉంటుంది, పాత తేదీ బిల్లు ఆ వరుసలో ఇమడదు. రేపు మీరు కేసు వేస్తే అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో దాన్ని బయటపెడతాడు. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. పదకొండు వేల కోసం పీకల మీదికి తెచ్చుకుంటారా? ఆ ఒక్క అబద్ధం దొరికితే మీరు చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

అసలు మీకు ఆ బిల్లుతో పనే లేదు. ఫిల్టర్ ఎవరు మార్చారు, ఏ కంపెనీది అన్నదాని మీద మీ కేసు తేలదు. మోటారు ఎందుకు చెడింది అన్నదాని మీద తేలుతుంది. వారంటీ పుస్తకంలో ఆ పేరా తీసి చదవండి. మామూలుగా ఉండే నిబంధన ‘ఇతర విడిభాగాల వల్ల కలిగిన నష్టానికి’ వారంటీ వర్తించదని. ‘వల్ల’ అన్న మాట ఉంటే, మీ ఫిల్టర్ వల్లే మోటారు పోయిందని చూపాల్సిన బాధ్యత ఆ నిబంధన చాటున దాక్కునే షోరూమ్‌ది. ఓనర్స్ మాన్యువల్ కూడా తెరవండి. ఫిల్టర్ మార్చే పద్ధతి బొమ్మలతో ఉంటే ఆ పేజీ జిరాక్సు మొదటి దస్తావేజుగా పెట్టండి. యజమాని చేసుకోవచ్చని కంపెనీయే రాసిన పనిని డీలరు ‘బయటి పని’ అనలేడు. ‘డీలరు చేతే మార్పించండి’ అని రాసి ఉంటే మాత్రం మీ దారి కాస్త ఇరుకే.

మరి ఆ పాత మోటారు ఏదీ? రెండు పేజీల ఉత్తరంలో అవమానం గురించి ఉంది, మోటారు గురించి ఒక్క ముక్క లేదు. పూర్తి ధర కట్టి కొత్తది వేయించుకున్నప్పుడు పాతది అడిగి తెచ్చుకోవాలి కదా! దాన్ని విప్పితే సంగతి చాలావరకు తెలుస్తుంది. ఫ్యాన్ రెక్కలు విరిగి, మధ్యలో ఎండాకో ప్లాస్టిక్ క్లిప్పు ముక్కో ఇరుక్కుని ఉంటే తప్పు మీ వైపుకు వస్తుంది. ఫిల్టర్‌ను ఒరగదీసి లాగితే పైన పేరుకున్న చెత్త నేరుగా బ్లోయర్‌లో పడుతుంది. అలాకాక బేరింగ్ తుప్పు పట్టి, మోటారు మీద నీటి చారలుంటే అది వాననీటి పని. కారు ముందు అద్దం కింద ఉండే నీటిదారి మూసుకుపోతే నీరు గాలిదారిలోంచి లోపలికి దిగుతుంది. అప్పుడు ఫిల్టర్ ఎవరు పెట్టినా ఒకటే. ఇక ఫిల్టర్ మీద గాలి ఎటు పోవాలో చూపే బాణం గుర్తు తిరగేసి పెట్టినంత మాత్రాన మోటారు కాలిపోదు. సైజు చిన్నదైతే మాత్రం పక్క సందుల్లోంచి చెత్త దిగుతుంది, ఆ వాదన వాళ్లు తెస్తారు.

కారులో ఇప్పటికీ అదే ఫిల్టర్ ఉంటే అది మీ సాక్షి. ఊరికే పీకి పారేయకండి. ఇద్దరు ఇరుగుపొరుగువారిని పక్కన పెట్టుకుని ఫోన్‌లో వీడియో తీస్తూ తీయండి. ముందు కిలోమీటర్ల రీడింగు. గ్లౌవ్ బాక్స్ ఖాళీ చేసి, పక్క నుంచి పట్టి ఉంచే కడ్డీ ఊడదీసి, రెండు వైపులా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది (చాలా కార్లలో ఇంతే, మీ కారుకు మాన్యువల్ చూసుకోండి). వెనక ఫిల్టర్ మూత క్లిప్పులు నొక్కి తీయండి. ఫిల్టర్ కదపకముందే బాణం ఎటుందో ఫొటో తీయండి. తర్వాత అడ్డంగా, ఒరగకుండా లాగి, పొడవు వెడల్పులు స్కేలు పెట్టి కొలిచి, పార్ట్ నంబరు కనిపించేలా మరో ఫొటో. కవర్లో వేసి, మీద తేదీ రాసి, ఆ ఇద్దరి సంతకాలు. కొత్తది కొన్నప్పుడు ఈసారైనా బిల్లు అడగండి. బూజు వాసన ఫిల్టర్‌తో పూర్తిగా పోదు, మన సముద్రపు తేమకు ఏసీ లోపలి కాయిల్ మీదే బూజు పడుతుంది. ఆ కాయిల్ శుభ్రం చేయిస్తేనే నాన్నగారికి కొంత మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా తొందర పడాల్సిన విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. వారంటీ లేదని చెప్పిన రోజు నుంచే లెక్క మొదలైంది. మీ ఉత్తరం మీద తేదీ 2026 జూన్ 22. అంటే రెండు నెలలు కూడా చేతిలో లేవు. ఆగస్టు 18ని ఆఖరు రోజనుకుని, జూలై నెలాఖరులోగా దాఖలు చేయండి. షోరూమ్ చుట్టూ తిరగడం, మెయిళ్లు పెట్టడం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయడం, చివరికి లాయరు నోటీసు, ఇవేవీ గడియారాన్ని ఆపవు. గడువు దాటాక ఆలస్యం మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ‘తిరుగుతూ ఉన్నాను’ అన్నది కారణంగా నిలబడటం కష్టం.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో షోరూమ్‌కు, తయారీ కంపెనీకి ఒకే ఉత్తరం పంపండి: జాబ్‌కార్డు (మీ కారుకు చేసిన పని షోరూమ్ రాసుకున్న కాగితం) నకలు, తీసిన మోటారు, దాని ఫొటోలు, వారంటీ ఎందుకు నిరాకరించారో రాతపూర్వకంగా, పది రోజుల్లో ఇవ్వాలని. మోటారు స్క్రాప్‌లో వేశామంటే అదీ రాసివ్వమనండి. కారణం చెప్పినవాడే సాక్ష్యం పారేశాడని అప్పుడు వాదిస్తాం. అయితే మీరు రెండేళ్లు అడగలేదన్న జవాబు దానికి సిద్ధంగా ఉంటుంది, కాబట్టి ఆ వాదన మీదే ఆధారపడకండి. మోటారు దొరికితే అదే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరండి.

కొట్టుకు కట్టిన రూ. 350 బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, కొన్న తేదీకి అది చాలు. సర్వీస్ అడ్వైజర్‌తో వాట్సాప్ సంభాషణ ఉంటే ఆ ఫోన్ మార్చొద్దు, అమ్మొద్దు. ప్రింట్లతో పాటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి.

ఫిర్యాదు మీ పేరున కాదు, కారు కొన్న మీ భార్య పేరున వేయండి. డీలరును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచైనా. కారు ధర ఐదు లక్షలు దాటి పది లోపే కాబట్టి రుసుము రూ. 200. రూ. 11,600, దానిపై వడ్డీ, ఖర్చులు, మనోవేదనకు ఓ పదివేలు అడగండి. అవమానానికి ఐదు లక్షలు అని మీరు రాసినది కొట్టేయండి. మధ్యలో వాళ్లు పిలిచి సగం డబ్బిస్తామంటే, ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద మీ భార్య సంతకం పెట్టే ముందు నాకు చూపించండి.