నక్షత్రం ఆరిపోయే ఆ కొద్ది సెకన్లకు సిద్ధమవుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నెప్ట్యూన్ అవతలి వస్తువు ఒకటి నక్షత్రాన్ని మూసేస్తుంటే రికార్డు చేయబోతున్నానని రాశావు. చాలా సంతోషం వేసింది. సలహా అడిగావు కాబట్టి ముఖ్యమనిపించినవి చెబుతాను.

ఆ వస్తువు నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు దాని నీడ భూమి మీదుగా పరుగెడుతుంది, ఆ దారిలో ఉన్నవాళ్లకే నక్షత్రం ఆరుతుంది. ముందుగా వేసిన మ్యాపులో ఆ నీడ దారి తమ మీదుగా పోవట్లేదని చూసి ఊరుకునేవాళ్లు చాలామంది. నువ్వు ఆ గీతతో పాటు, అది ఎంత అటూ ఇటూ జరగొచ్చో కూడా చూడు. నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం పుణ్యమా అని నక్షత్రం ఎక్కడుందన్న బెంగ ఇప్పుడు చాలావరకు తీరింది. తంటా అంతా మూసే వస్తువు కక్ష్యతోనే. ప్లూటోనే తీసుకో. 1930లో కనిపెట్టారు, సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి 248 ఏళ్లు పడుతుంది. అంటే మనకు తెలిశాక అది సగం చుట్టు కూడా తిరగలేదు. మిగతావాటిని గమనించిన కాలం ఇంకా తక్కువ. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి 40 రెట్ల దూరంలో, ఒక ఆర్క్‌సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) వందో వంతు తేడా వచ్చినా నేల మీద నీడ దాదాపు 290 కిలోమీటర్లు జరిగిపోతుంది. అందుకే పాత అంచనా పట్టుకుని కూర్చోకు. కొత్త కొలతలు వచ్చేకొద్దీ సరిదిద్దుతూ ఉంటారు, ముందురోజు కూడా ఒకసారి చూసుకో.

ఇక టైము. నేను దేనికైనా పట్టుబడతానంటే దీనికే. నీడ సెకనుకు 20, 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. కంప్యూటర్ గడియారం అర సెకను తప్పితే, నువ్వు కొలిచిన అంచు పది కిలోమీటర్లకు పైగా తప్పు చోట పడుతుంది. వేరే చోట్ల నుంచి చూసినవాళ్ల కొలతలతో కలిపేటప్పుడు ఆ వస్తువు ఆకారమే వంకర పోతుంది. వీలైతే ప్రతి ఫ్రేము మీదా జీపీఎస్ టైము ముద్రించే కెమెరా వాడు.

నక్షత్రం మసకగా ఉంటే ఎక్స్‌పోజర్ పెంచాలనిపిస్తుంది. నక్షత్రం స్పష్టంగా తెలిసేంత వరకే పెంచు, అంతకు మించితే క్షణకాలపు మార్పులు ఒకే ఫ్రేములో కలిసిపోతాయి. 2013 జూన్ 3న చారిక్లో అనే చిన్న వస్తువు ఒక నక్షత్రాన్ని మూసినప్పుడు, అసలు మరుగుకు ముందూ వెనకా వెలుగు క్షణకాలం తగ్గింది. అవి వలయాలు! పట్టుమని 250 కిలోమీటర్లు ఉన్న వస్తువుకు వలయాలుంటాయని అంతకుముందు ఎవరికీ తెలియదు. ఆ తగ్గుదల ఒక వలయం వల్ల కాదు, రెండింటి వల్ల అని విడదీసి చూపింది వేగంగా ఫ్రేములు తీసిన కెమెరానే. అందుకని నక్షత్రం తిరిగి వెలిగిందని రికార్డింగ్ ఆపేయకు. ముందూ వెనకా చాలా నిమిషాలు నడవనివ్వు. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్ మాత్రం ముందే ఆపేయ్. నక్షత్రం ఆరిపోగానే అవి వెలుగు పెంచేసి నీ కొలతంతా పాడు చేస్తాయి.

స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో కూడా తెలిసి ఉండాలి. మూసే వస్తువు సాధారణంగా నీ టెలిస్కోపుకు కనపడదు. నక్షత్రం ఒక ఫ్రేములో ఉంటుంది, తర్వాతి ఫ్రేములో ఉండదు. 500 కిలోమీటర్ల వస్తువు నడిమధ్యగా వెళ్తే దాదాపు ఇరవై సెకన్లు చీకటి. అలా టక్కున ఆరకుండా మెల్లగా మసకబారిందా, అక్కడ గాలి పొర ఉందని అనుమానించాలి. ప్లూటోకు వాతావరణం ఉందని 1988లో అలాగే తేలింది.

నక్షత్రం ఆరకపోతే? నిరాశ పడకు, ఆ రికార్డింగునూ అంతే జాగ్రత్తగా పంపు. నెప్ట్యూన్ అవతలి అరోకోత్ అనే వస్తువు కోసం 2017 జూలైలో అర్జెంటీనాలో 24 టెలిస్కోపులు వరుసగా పెట్టారు. నక్షత్రం ఆరడం చూసినవి ఐదే. ఒక్కో టెలిస్కోపుకు నక్షత్రం ఆరి ఉన్న కాలం ఆ వస్తువుకు అడ్డంగా ఒక గీత అవుతుంది. ఆ గీతల్ని బట్టే అది రెండు ముద్దలు అతుక్కున్న ఆకారమేమోనని ఊహించారు, 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దగ్గరికెళ్లి అదే చూసింది. నీడ అంచు ఎక్కడ ఆగిందో చెప్పగలిగేది మాత్రం దారి బయట నిలబడి, ఏమీ జరగలేదని ఖాయంగా చెప్పేవాళ్లే.

ఫైళ్లను కుదించకు, రంగూ వెలుగూ దిద్దకు, ఉన్నవి ఉన్నట్టే పంపు. నువ్వు నిలబడ్డ చోటు అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, ఎక్స్‌పోజర్, టైము ఎక్కడినుంచి తీసుకున్నావో రాయి. మబ్బు అడ్డొచ్చిన నిమిషాలు ఏవో కూడా రాసిపెట్టు. లేకపోతే ఆ మబ్బునే కొత్త వలయం అనుకుని ఎవరో ఒకరు లెక్కలు మొదలుపెడతారు.

ప్రేమతో,
మీ పెదనాన్న