స్కైరిమ్ వీడియో గేమ్‌లో పంజా తలుపు తెరుచుకోవట్లేదా? జవాబు మీ సంచిలోనే ఉంది

రెండు రోజులుగా బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలో ఆ గుండ్రటి తలుపు దగ్గరే ఆగిపోయానని, చక్రాలు ఎటు తిప్పినా తెరుచుకోవట్లేదని రాశారు కదా. టెన్షన్ పడకండి, నేనూ అక్కడ ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అన్ని కాంబినేషన్లూ వరసగా ప్రయత్నించానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది!

సాలెగూడులో చిక్కుకున్న దొంగ ఆర్వెల్ దగ్గర బంగారు పంజా తీసుకున్నారు కదా. ఇన్వెంటరీ (మీ సామాను సంచి) తెరిచి, ఆ పంజా మీదకి వెళ్లి, దాన్ని దగ్గరగా చూస్తూ అరచేతి వైపు తిప్పండి. మూడు బొమ్మలు చెక్కి ఉంటాయి: ఎలుగుబంటి, రెక్కల పురుగు, గుడ్లగూబ. తలుపు మీద బయటి చక్రం నుంచి లోపలికి అదే వరసలో పెట్టి, మధ్యలో ఉన్న రంధ్రంలో పంజా పెట్టండి, అంతే. ఇలాంటి పంజా తలుపులు ముందు ముందు ఇంకా వస్తాయి, వాటి జవాబు కూడా ఏ తలుపు పంజా మీద ఆ తలుపుకే ఉంటుంది.

లోపలికి అడుగుపెట్టే ముందు మాత్రం సేవ్ చేసుకోండి. శవపేటిక లోంచి లేచే డ్రాగర్ (నడిచే శవం) గట్టివాడు. వాడి మీద మంచు మంత్రాలు పెద్దగా పనిచేయవు, విషం అసలు ఎక్కదు. మొదటి నుంచీ మీ దగ్గరున్న ఫ్లేమ్స్ అనే నిప్పు మంత్రం వాడుతూ వెనక్కి జరుగుతూ ఉండండి. మరీ కష్టమైతే సెట్టింగ్స్‌లో డిఫికల్టీ తగ్గించుకోండి, తప్పేం లేదు.

బరువెక్కి పరిగెత్తలేకపోతున్నానన్నారు, దొరికిన ప్రతి ఇనుప కత్తీ మోయడం మానేయండి. బంగారు నాణేలకు బరువు ఉండదు, అవి ఎన్నైనా ఏరుకోవచ్చు.