సీబుక్‌లో మ్యాక్సీ క్యాబ్, లోపల పడకగది

సందేహం: నేను రిటైరైన స్కూలు మాస్టారిని. వయసు 62. మాది టెక్కలి దగ్గర పల్లె. శని, ఆదివారాల్లో మా ఆవిడని, మనవలని తీసుకుని బారువ, తాటిపూడి, అరకు వైపు వెళ్లి ఒక రాత్రి ఉండి రావాలని ఎప్పటినుంచో కోరిక. బెంగళూరులో ఉంటున్న మా అబ్బాయి అక్కడి పాత బళ్ల వ్యాపారి దగ్గర ఒక డీజిల్ టెంపో ట్రావెలర్ చూశాడు. 2017 మోడల్. సీట్లు తీసేసి మంచాలు, స్టవ్వు, సింకు, నీళ్ల ట్యాంకు బిగించారు. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు సీట్లే ఉన్నాయి. ‘ప్రైవేట్ కారవాన్, పేపర్లన్నీ క్లియర్’ అని ప్రకటనలో ఉంది. పది లక్షలకు బేరం కుదిరి, యాభై వేలు అడ్వాన్సు యూపీఐలో పంపాం. తర్వాత వచ్చిన సీబుక్ కాపీలో ‘మ్యాక్సీ క్యాబ్’ అని, సీట్లు 13 అని ఉంది. ఓనరు పేరు కూడా వ్యాపారిది కాదు, వేరే ఎవరిదో. అడిగితే ‘అందరూ ఇలాగే తిప్పుతున్నారు సార్, నోటరీ అగ్రిమెంటు రాసుకుని తీసుకెళ్లండి, పేరు నిదానంగా మార్చుకోవచ్చు’ అంటున్నాడు. ఈ బండి కొనొచ్చా? నా కారు లైసెన్సు సరిపోతుందా? వద్దనుకుంటే అడ్వాన్సు తిరిగి వస్తుందా?

జవాబు: మాస్టారూ, ముందు మిగతా డబ్బు పంపడం ఆపండి. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మీ అబ్బాయి పరుపు ఎలా ఉంది, కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా, ఏసీ పనిచేస్తోందా అని చూసి ఉంటాడు. అందరూ అవే చూస్తారు. నేను సీబుక్‌లో రెండు గళ్లు చూస్తాను: వాహన తరగతి, సీట్ల సంఖ్య. చట్టం దృష్టిలో మీకు అమ్ముతున్నది 13 సీట్ల అద్దె వ్యాను. అందులో తొమ్మిది సీట్లు ఏమయ్యాయో జవాబు చెప్పుకోవాల్సిన పని కూడా దాంతోపాటే మీకు వస్తుంది.

కారవాన్ కొనడమే తప్పని కాదు. 2004 నవంబరు 5న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ వ్యాన్‌ను నాన్-ట్రాన్స్‌పోర్ట్ బళ్ల జాబితాలోనే పెట్టారు. అంటే కారుకున్నట్టే తెల్ల బోర్డు. పర్మిట్ గొడవ లేదు. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లినా మిమ్మల్ని ఎవరూ పర్మిట్ అడగరు. అదే నోటిఫికేషన్‌లో ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో కూడా క్యాంపర్ వ్యాన్ కనిపిస్తుంది. అది అద్దెకు తిప్పేవాళ్ల సంగతి. కాబట్టి మీరు వెతకాల్సింది సీబుక్‌లో ‘మోటార్ కారవాన్’ అనో, ‘క్యాంపర్ వ్యాన్, ప్రైవేట్ వాడకం’ అనో రాసి ఉన్న బండిని. అలాంటి బళ్ల తయారీకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొంది మార్చిన బండి అయితే ఆ సర్టిఫికెట్ కాపీ అమ్మేవాడి దగ్గర ఉంటుంది. లేదని నసిగితే ఏదో షెడ్డులో వెల్డింగ్ చేయించిన బండే అనుకోండి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ సీబుక్‌కీ పొంతన లేకుండా పోయేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182-ఏ చేర్చారు. అనుమతి లేకుండా మార్చిన ఓనరుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. సీట్లు ఒకటి, పైకప్పుకి కోసిన కిటికీ ఒకటి, ఇలా లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. మార్చింది నేను కాదు, పాత ఓనరు అని మీరు అనొచ్చు. ఆ వాదనకి బలం ఉంది కూడా. కానీ ఆ మాట మీరు చెప్పేది రోడ్డు పక్కన, మనవలు బండిలో ఏడుస్తూ ఉండగా. ఆ బండి మళ్లీ రోడ్డెక్కాలంటే సరిచేయించాల్సింది మీరే.

విజయనగరం నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక క్లయింటుది సరిగ్గా ఇదే కథ. హైవే మీద బ్రేకు ఇనస్పెక్టరు బండి ఆపి వెనక తలుపు తీయమన్నాడట. చేతిలో పెన్ను పెట్టుకుని సీట్లు లెక్కపెట్టాడు. రెండు. సీబుక్ చూశాడు. తొమ్మిది. ‘మిగతా ఏడూ ఎక్కడ సార్?’ అని నవ్వుతూనే అడిగాడట. కేసు జరిమానాతో తేలిపోయింది. అసలు దెబ్బ రెండు నెలల తర్వాత పడింది. రాజాం రోడ్డులో బండి కల్వర్టుకి గుద్దుకుంటే సర్వేయరు వచ్చాడు, ‘పాలసీ తీసుకున్న బండి వేరు, ఇక్కడున్న బండి వేరు’ అని రాసి వెళ్లాడు. ఆ క్లెయిము కోసం ఇప్పటికీ తిరుగుతున్నాం.

మీ విషయంలో ఇంకో ముడి ఉంది. మ్యాక్సీ క్యాబ్ అంటే ట్రాన్స్‌పోర్ట్ బండి. ‘మేం అద్దెకి తిప్పం కదా, ఇంటివాళ్లమే’ అంటే నడవదు. 66వ సెక్షన్‌లో, లోపల ప్రయాణికులు ఉన్నా లేకపోయినా సరే, ట్రాన్స్‌పోర్ట్ బండికి పర్మిట్ కావాలని స్పష్టంగా ఉంది. పర్మిట్ లేకుండా పట్టుబడితే 192-ఏ కింద మొదటిసారే ఆరు నెలల వరకు జైలు, 10,000 జరిమానా. పర్మిట్ లేని బండితో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు ముందు డబ్బు కట్టి తర్వాత ఓనరు నుంచి రాబట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. 2017 బండి ఆ గీత దాటేసింది. ఆ ఫిట్‌నెస్‌కి బండి తీసుకెళ్తే అధికారి మొదట చూసేది సీట్లే. బోర్డుకి తెల్ల రంగు వేయిస్తామని వ్యాపారి అన్నా దాని జోలికి పోకండి. రంగు మార్చినంత మాత్రాన తరగతి మారదు, కొత్త నేరం ఒకటి తోడవుతుంది.

మరి ఈ బండిని దారిలో పెట్టే మార్గమే లేదా అంటే ఉంది. పర్మిట్ సరెండర్ చేసి, బాకీ ఉన్న పన్ను కట్టి, బండిని తనిఖీకి పెట్టి, తరగతి మార్పుకి, లోపలి మార్పులకి ఆర్టీఓ ఆమోదం తెచ్చుకుని, సీబుక్‌లో ఎక్కించాలి. ఆ పనంతా కర్ణాటకలో, అమ్మేవాళ్ల ఖర్చుతో, మీరు మిగతా డబ్బు ఇచ్చేముందే జరగాలి. అధికారి ఒప్పుకోకపోతే నష్టం వాళ్లది. మీరు బండి తెచ్చేసుకున్నాక ఇవన్నీ మొదలుపెడితే బెంగళూరుకీ శ్రీకాకుళానికీ మధ్య తిరగడానికే మీ శని, ఆదివారాలు సరిపోతాయి.

ఇక నోటరీ అగ్రిమెంటు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర పడితే బండి మన పేరు మీదికి వచ్చేసినట్టే అని మన వైపు చాలామంది నమ్మకం. మీకూ ఆ వ్యాపారికీ మధ్య డబ్బు చేతులు మారిందనడానికి అది సాక్ష్యం, అంతే. ప్రమాదం కేసులో ఓనరు అంటే సీబుక్‌లో పేరున్న మనిషే అని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కారు అమ్మేసి, అది ఎన్నో చేతులు మారాక ప్రమాదం జరిగినా, పరిహారం భారం పేరు మార్పించుకోని మొదటి ఓనరు మీదే పడింది. అందువల్ల మీకు లాభం అనుకోకండి. ఆయన మీ అగ్రిమెంటు పట్టుకుని మీ మీదికే వస్తాడు. మీ బండికి జరిగిన నష్టం సంగతి అంతకంటే అధ్వాన్నం. 157వ సెక్షన్ కింద బండితోపాటు మీకు వచ్చేది థర్డ్ పార్టీ రక్షణ మాత్రమే అని ఎప్పుడో తేలిపోయింది. పాలసీని మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో అడగాలి. అడగకపోతే బండి తగలబడినా మీ సొంత నష్టానికి పైసా రాదు, ఎందుకంటే పాలసీ పాత ఓనరుది, బండి మీది.

పేరు మార్పుకి అమ్మేవాళ్లు ఫారం 29, ఇద్దరూ కలిసి ఫారం 30 సంతకాలు చేయాలి. బయటి రాష్ట్రం బండి కాబట్టి శ్రీకాకుళం ఆఫీసు పేరు రాయించి కర్ణాటక ఆర్టీఓ దగ్గర ఫారం 28లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఇక్కడ ఆంధ్రా లైఫ్ ట్యాక్స్ బండి వయసుని బట్టి కట్టాల్సి వస్తుంది. అది చిన్న మొత్తం కాదు, కాబట్టి బేరం ఖాయం చేసేముందే ఆర్టీఓ ఆఫీసుకెళ్లి ఎంతవుతుందో లెక్క కట్టించుకుని ఆ మేరకు ధర తగ్గించమనండి. సీబుక్‌లో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే ఫారం 35తో హెచ్‌పీ (ఆ అప్పు నమోదు) తీయించాకే డబ్బు. పెండింగ్ చలాన్లు పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే కనిపిస్తాయి. డీజిల్ బండి గనుక ఒక్క విషయం ప్రత్యేకంగా చెబుతాను: ఇంజన్ మీద చెక్కిన నంబరు, సీబుక్‌లో నంబరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఎక్కువ తిరిగిన ట్రావెలర్లకి ఇంజన్ మార్చేసి, సీబుక్‌లో ఎక్కించని ఘటనలు నేను చూశాను. ఇంజన్ ఆరోగ్యం గురించి మాత్రం నన్నడక్కండి, నమ్మకమైన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి.

వ్యాపారి పేరు సీబుక్‌లో లేదన్నారు. అది దానంతటదే మోసం కాదు. అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి, ఓనరు బండి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా తెలియజేయాలి. ఆ రెండూ అడగండి. ఉంటే చట్టం అతన్నే ఓనరుగా చూస్తుంది కాబట్టి మీ పని సులువు. లేకపోతే అసలు ఓనరుతో నేరుగా మాట్లాడందే అడుగు వేయకండి.

మీ లైసెన్సు గురించి టెన్షన్ పడక్కర్లేదు. బండి మొత్తం బరువు 7,500 కేజీల లోపు ఉంటే ఎల్‌ఎంవీ లైసెన్సు, అంటే మీ కారు లైసెన్సే, చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ట్రావెలర్ ఆ లోపే వస్తుంది. అయితే 55 దాటినవాళ్లకి లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, గడువు ఒకసారి చూసుకోండి.

బండి మంచిదే దొరికిందనుకుందాం. బారువలో ఇసుక మీదికి దించకండి. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో మరీను. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్‌లో రిజర్వు అడవి ఉన్నచోట పొయ్యి వెలిగించడం, చొరబడడం 1967 నాటి మన అటవీ చట్టం 20వ సెక్షన్ కింద నేరం. ఆ రాత్రికి ఊళ్లో ఎవరిదైనా ఖాళీ స్థలం అడిగి ఆపుకోవడం అన్నిటికన్నా తేలిక. మన ఊళ్లలో మాస్టారు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఇక యాభై వేలు. ఇక్కడ మీ కేసు బాగానే ఉంది, కానీ ఒక చిక్కు ఉంది. ప్రకటనలో ‘ప్రైవేట్ కారవాన్’ అన్నాడు, సీబుక్‌లో మ్యాక్సీ క్యాబ్ ఉంది. అబద్ధపు మాట నమ్మి ఒప్పుకున్నవాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, ఇచ్చింది తిరిగి అడగొచ్చు. అయితే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగి ఉంటే ఆ హక్కు పోవచ్చు. ‘సీబుక్ అడిగి చూసుకోవాల్సింది’ అని అవతలి వకీలు తప్పకుండా అంటాడు. తెలిసి తెలిసి కావాలని చెప్పిన అబద్ధానికి ఆ మినహాయింపు వర్తించదు అన్నది మన జవాబు. అందుకే ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ మీకు బంగారం. అతను తీసేసేలోపు తీసి పెట్టుకోండి. వాట్సాప్ మాటలు కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఆ ఫోను మార్చకండి, చాట్లు చెరపకండి.

అమ్మింది వ్యాపారి కనుక వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, మామూలు మనిషి అమ్మి ఉంటే ఆ దారి లేదు. 2019 చట్టం వచ్చాక మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. బెంగళూరు వెళ్లక్కర్లేదు, శ్రీకాకుళంలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు.

ముందు ఈరోజే అతనికి ఒక మెసేజి పెట్టండి, కోపం లేకుండా: ‘మీ ప్రకటనలో ప్రైవేట్ కారవాన్ అని ఉంది. సీబుక్‌లో మ్యాక్సీ క్యాబ్, 13 సీట్లు అని ఉంది. 15 రోజుల్లో తరగతి, మార్పులు సీబుక్‌లో ఎక్కించి పంపండి, లేదా అడ్వాన్సు 50,000 తిరిగి ఇవ్వండి.’ జవాబులో అతను ‘అందరూ ఇలాగే తిప్పుతున్నారు’ అని రాసిస్తే ఇంకా మంచిది, దాన్ని కూడా దాచండి. గడువు దాటితే స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు, సీబుక్ కాపీ పట్టుకుని కోర్టు దగ్గరికి రండి. నోటీసు రాయడానికి అరగంట చాలు.