రెండో క్లౌడ్‌కి వెళ్లే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. అమెజాన్ వాళ్ల లాంబ్డాలో (సర్వర్ మనం చూసుకోకుండా కోడ్ నడిపే సేవ) నడుస్తున్న సర్వీసును కంటైనర్‌లోకి, అంటే ప్రోగ్రాంనీ దానికి కావలసినవన్నీ కట్టిన ఒక మూటలోకి మార్చి ఇంకో క్లౌడ్‌లో కూడా పెట్టమన్నారని, ఏ ప్లాట్‌ఫారం తీసుకోమంటావు బాబాయ్ అని అడిగావు. దాని గురించి అంత టెన్షన్ పడకు. కంటైనర్లను అవసరాన్ని బట్టి పెంచి తగ్గించే కేనేటివ్ అనే పద్ధతిని గూగుల్ 2018లో బయటపెట్టింది, వాళ్ల కంటైనర్ సేవ క్లౌడ్ రన్ దాన్నే పాటిస్తుంది. రెడ్ హ్యాట్ వాళ్ల ఓపెన్‌షిఫ్ట్ సర్వర్‌లెస్ కూడా దానిమీదే కట్టారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల అజూర్ కంటైనర్ యాప్స్ లోపల అలాంటి పనే చేసే కెడా ఉంటుంది. ఏదైనా తీరు ఒకటే: పని లేకపోతే సున్నాకి దిగుతుంది, రిక్వెస్టులు వస్తే పెరుగుతుంది. నిన్ను ఏడిపించేది నీ కోడ్‌లో పాతుకుపోయిన లాంబ్డా అలవాట్లు.

అన్నిటికన్నా పెద్దది చెప్తాను. లాంబ్డాలో మామూలుగా ఒక ఇన్‌స్టెన్స్ (నడుస్తున్న ఒక ప్రతి) ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది. క్లౌడ్ రన్‌లో మనం మార్చకపోతే ఒకే ఇన్‌స్టెన్స్‌కి 80 దాకా ఒకేసారి రావచ్చు. ఇప్పుడు నీ కోడ్‌లో ఎక్కడో గ్లోబల్ వేరియబుల్‌లో (అన్ని రిక్వెస్టులూ పంచుకునే చోట) 'ప్రస్తుత యూజర్' అని దాచి ఉంటారు, వెళ్లి వెతుకు. ఇన్నాళ్లూ అది తప్పని తెలిసే అవకాశమే రాలేదు. ఇక్కడ ఒకరి వివరాలు ఇంకొకరి స్క్రీన్ మీద కనిపిస్తాయి. అదీ రద్దీ ఉన్నప్పుడే. నువ్వు ఒక్కదానివే కూర్చుని టెస్ట్ చేస్తే జన్మలో దొరకదు. అనుమానంగా ఉంటే మొదట ఆ 80ని 1 చేసి పెట్టు. బిల్లు పెరుగుతుంది, పెరగనీ. కోడ్ శుభ్రం చేశాక నెమ్మదిగా పెంచుకోవచ్చు.

పోర్టు నంబరు కోడ్‌లో రాసెయ్యకు, ప్లాట్‌ఫారం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇచ్చేది తీసుకో. కంటైనర్ లోపలికే పరిమితమయ్యే లోకల్‌హోస్ట్ మీద కాక, బయటి రిక్వెస్టులూ అందేలా 0.0.0.0 మీద వినేలా పెట్టు. కొత్త మ్యాక్‌లో బిల్డ్ చేస్తే ఆర్మ్ ప్రాసెసర్‌కి సరిపడే ఇమేజ్ (కంటైనర్ ఫైలు) వస్తుంది. అది ఇంటెల్ తరహా సర్వర్ మీద 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని ఒక్క లైను రాసి కూలబడుతుంది. బిల్డ్ కమాండ్‌లోనే ఏ ప్రాసెసర్‌కో చెప్పెయ్.

కంటైనర్ ఎలా లేస్తుందో అందరూ చూస్తారు, ఎలా పోతుందో ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. ఒకప్పుడు నా సర్వీసులో కొత్త వెర్షన్ పెట్టినప్పుడల్లా ఒకటో రెండో ఈమెయిళ్లు గల్లంతయ్యేవి. తప్పు ఈమెయిళ్లు వరసలో ఆగే క్యూలో ఉందనుకుని రెండు రోజులు దాని మీద పడి ఏడ్చాను. అసలు సంగతేంటంటే, ప్లాట్‌ఫారం ఆపేముందు సిగ్‌టర్మ్ ('ఇక ముగించు' అనే సిగ్నల్) పంపి కాసేపు ఆగుతుంది. క్లౌడ్ రన్‌లో ఆ గడువు 10 సెకన్లు. ఆ సిగ్నల్ మొదటి ప్రాసెస్‌కి వెళ్తుంది. నా కంటైనర్‌లో మొదటిది స్టార్ట్ స్క్రిప్టు. దానికి అందిన కబురు నా ప్రోగ్రాం దాకా రానేలేదు. స్క్రిప్టు చివరి లైను ముందు 'ఎగ్జెక్' అన్న ఒక్క మాట చేర్చి (దాంతో స్క్రిప్టు స్థానంలోకి ప్రోగ్రామే వస్తుంది), ప్రోగ్రాంలో ఆ సిగ్నల్ పట్టుకుని చేతిలో పని ముగించేలా రాశాక ఈమెయిళ్లు పోవడం ఆగింది.

డేటాబేస్ లెక్క కాగితం మీద వేసుకో. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా 100 కనెక్షన్లు ఇస్తుంది. నీ పూల్ (ఒక్కో ఇన్‌స్టెన్స్ తెరిచి ఉంచుకునే కనెక్షన్లు) 10 అనుకో, ఇన్‌స్టెన్సులు 20కి పెరిగాయనుకో. 200 ఎక్కణ్ణుంచి తెస్తావు? గరిష్ఠ ఇన్‌స్టెన్సులకు హద్దు పెట్టకుండా లైవ్‌లోకి వెళ్లకు.

రెండు క్లౌడ్‌లలో ఒకేసారి నడపడం మాత్రం నాకు నచ్చదమ్మా. కంటైనర్ ఎక్కడికైనా వస్తుంది గానీ పర్మిషన్లు, సీక్రెట్లు, క్యూలు దాంతో రావు, మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. డేటాబేస్ ఒకచోటే ఉంటే ప్రతి క్వెరీ గడప దాటి వెళ్లి రావాలి, బయటికి పోయే డేటాకి బిల్లు వేరే. ఎందుకు రెండు కావాలో మీ మేనేజర్‌ని అడుగు. ఒకటి మూతబడితే ఎలా అన్న భయమే అయితే, ఒకచోట నడుపుతూ రెండోచోట నెలకోసారి డిప్లాయ్ చేసి చూసుకుంటే చాలు.

ఆ గ్లోబల్ వేరియబుల్ దొరికితే ఫోన్ చెయ్యి. దొరక్కపోతే ఆదివారం ఇద్దరం కూర్చుని వెతుకుదాం.

బాబాయి