రేసింగ్ చెయిర్ కొనే ముందు

అమ్మలూ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ఆగస్టులో ఇక్కడ ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరుతున్నావు, రాగానే వీల్‌చెయిర్ పందేలకి వాడే రేసింగ్ చెయిర్ కొనాలి, ఏ కంపెనీది మంచిది మావయ్యా అన్నావు. ఆఖర్న ఒక్క లైనులో, ఇరవై రెండేళ్లొచ్చాయి, ఆలస్యమైపోయిందేమో అనీ రాశావు. ముందు ఆ ఆఖరి లైను సంగతి చూద్దాం.

యూనివర్సిటీ ఉన్న మా షాంపేన్ ఊరి ట్రాక్ మీద తయారైన వీల్‌చెయిర్ రేసరే జీన్ డ్రిస్కల్. 1966లో మిల్వాకీలో పుట్టింది. స్పైనా బిఫిడా, అంటే వెన్ను సరిగ్గా మూసుకోకుండా పుట్టడం. కాళ్లకు పట్టీలు కట్టుకుని ఎలాగోలా నడిచేది. 14 ఏళ్లప్పుడు సైకిల్ మీంచి పడి తుంటి కీలు తప్పింది. అయిదు ఆపరేషన్లు, ఏడాది పాటు ఒళ్లంతా కట్టు, చివరికి వీల్‌చెయిర్. తన పని అయిపోయిందనే అనుకుందట. మొదటి కాలేజీలో చదువు కూడా తప్పింది. 1987లో ఈ ఊరొచ్చేనాటికి 20 ఏళ్లు. పైగా రేసుల మీద ఎంత మోజో, బాస్కెట్‌బాల్ మీదా అంతే. మారథాన్ నా వల్ల కాదు మొర్రో అంటున్నా వినకుండా కోచ్ మార్టీ మోర్స్ 1990లో బాస్టన్ పంపించాడు. వెళ్లింది, గెలిచింది. గంటా 43 నిమిషాల 17 సెకన్లు, వీల్‌చెయిర్ ఆడవాళ్లలో అప్పటికి ప్రపంచ రికార్డు. అక్కణ్ణించి 1996 దాకా వరసగా ఏడేళ్లూ బాస్టన్ ఆవిడదే. నేనైతే 41 ఏళ్లకు మొదలుపెట్టాను, పోలియో కాళ్లతో. గెలిచింది ఏమీ లేదనుకో. కాబట్టి ఆలస్యం అనే మాట ఇక ఎత్తకు.

ఇక కుర్చీ. వద్దు, ఇప్పుడే కొనకు. ఇక్కడ టీమ్ దగ్గర పాతవి ఉంటాయి, అడిగితే కూర్చోనిస్తారు. కనీసం నాలుగు నెలలు వాటిలో తిరుగు. ఎందుకంటే రేసింగ్ చెయిర్‌లో కూర్చోవడం అంటే ఇరుక్కోవడం. మూడు చక్రాలు, వెనక రెండూ పైభాగం లోపలికి వాలి ఉంటాయి, ముందు పొడుగాటి కడ్డీ చివర చిన్న చక్రం. నువ్వు మోకాళ్ల మీద వంగి, ఛాతీ దాదాపు తొడలకు ఆనించి తోయాలి. తుంటి దగ్గర వేలు దూరే సందు కూడా ఉండకూడదు. సందు ఉంటే నీ బలం కుర్చీకి అందదు, నువ్వు లోపల జరుగుతుంటావు, కుర్చీ దాని దారిన అది పోతుంది. చెయ్యి కిందికి చాపితే రిమ్, అంటే చక్రానికి బిగించిన తోసే రింగు, దాని అడుగు దాకా అందాలి. నేను చవగ్గా వచ్చిందని సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను, నా ఒంటికన్నా రెండంగుళాలు ఎక్కువ వెడల్పు. స్పాంజి ముక్కలు కుక్కి నెట్టుకొచ్చాను. ఆ వంకర తోపుడుకి కుడి భుజం పోయింది, ఎనిమిది నెలలు దువ్వెన పట్టుకోలేకపోయాను. కొత్త కుర్చీ అంటే కొన్ని వేల డాలర్లు. నీ ఒళ్లు ఎలా కూర్చోవాలనుకుంటోందో తెలియకుండా ఆ డబ్బు పొయ్యకు.

గ్లౌజులు మాత్రం ముందే చేసుకోవాలి. వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ గింజలు దొరుకుతాయి. ముద్దగా అయ్యాక పిడికిలి చుట్టూ అచ్చు తియ్యాలి, చల్లారితే రాయి. రిమ్‌కి తగిలేచోట రబ్బరు అతికిస్తాం. నాకు మూడో జత గానీ కుదరలేదు. వంటింట్లో గిన్నె పాడవుతుంది, పాతది చూసుకో.

ఎందుకంత గట్టిది అంటావేమో. రిమ్‌ని పట్టుకుని తిప్పం, గుద్దుతాం. అమ్మమ్మ కారం దంచడం చూశావుగా? రోకలి పోటు పడగానే చెయ్యి పైకి లేచేస్తుంది. అంతే ఇదీ. పైనుంచి ముందుకి దెబ్బ, అడుగు దాకా తోపు, వదిలెయ్, మోచెయ్యి వెనక నుంచి పైకి. సరిగ్గా పడితే రెండు చేతులదీ కలిసి ఒకటే ‘టక్’ వినిపిస్తుంది. ‘టక-టక్’ అని విడివిడిగా వినిపించిందా, కుర్చీ పక్కకి లాగుతుంది. చలికాలం ఇక్కడ బయట తోయలేవు, లోపల రోలర్ మీదే, అంటే చక్రాలు ఉన్నచోటే తిరిగే దిమ్మె మీద. అద్దం ఎదురుగా పెట్టుకుని ఈ శబ్దం ఒక్కటే సరిచేసుకో, స్పీడ్ మీటర్ చూడకు. ట్రాక్ మలుపుల కోసం కాంపెన్సేటర్ అని చిన్న మీట ఉంటుంది. మలుపులోకి వెళ్తూ ఒక తట్టు తడితే ముందు చక్రం ఆ వంపుకి తిరిగి నిలుస్తుంది, బయటికొస్తూ ఇంకో తట్టు. మొదటి వారం గడ్డిలోకే పోతావు, కంగారుపడకు.

భుజాల మాట మళ్లీ చెప్తున్నాను. తోసే కండరాలకు రోజూ పనే, లాగేవి సోమరులైపోతాయి. వారానికి మూడు రోజులు రబ్బరు బ్యాండుతో వెనక్కి లాగే వ్యాయామం చెయ్. రోజూ రాత్రి అద్దంతో మోకాళ్లు, పిరుదులు చూసుకో. స్పర్శ తక్కువున్న చోట పుండు పడితే తెలియదు, నెలలు మంచంలో పెడుతుంది. ఎర్రగా కనిపిస్తే ఆ రోజు ప్రాక్టీసు లేదు, కోచ్ తిట్టినా సరే.

పడతావు. 1997 బాస్టన్‌లో ఎనిమిదోసారి గెలవడానికి వెళ్లిన జీన్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లూయీజ్ సావేజ్‌తో నువ్వా నేనా అని పోతుండగా ట్రామ్ పట్టాల్లో చక్రం ఇరుక్కుంది. బోల్తా పడింది, టైరు పోయింది. లేచి వెళ్లి రెండో స్థానంలో ముగించింది. తర్వాతి రెండేళ్లూ కూడా సావేజ్‌దే గెలుపు. ఎనిమిదో బాస్టన్ 2000లో గానీ రాలేదు. మా ఊళ్లోనూ రైలు పట్టాలున్నాయి. ఎప్పుడు దాటినా పట్టాలకు అడ్డంగా, సూటిగా దాటు. ఏటవాలుగా పోయావంటే సన్నటి టైరు సందులోకి దిగిపోతుంది. హెల్మెట్ లేకుండా ఇంటి ముందు కూడా తోయకు.

మొదటి ఏడాది మారథాన్ పేరెత్తకు. కోచ్ పంపిస్తే మాత్రం వద్దనకు.

టేపు మీ అమ్మ మిషను డబ్బాలో ఉంటుంది. కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు, భుజం నుంచి వేలి కొస దాకా పొడవు, మోకాలి నుంచి మడమ దాకా, ఈ మూడూ సెంటీమీటర్లలో కొలిచి పంపు. అంగుళాల్లో పంపకు, పోయినసారి అలాగే గందరగోళం అయ్యింది.

మావయ్య