ప్లేటైమ్ అర్థం కాలేదు అన్నవాళ్ళకి

ఫోన్‌లో ప్లేటైమ్ సినిమా పెట్టుకుని అరగంటకే ఆపేశాను, కథ లేదు, సబ్‌టైటిల్స్ కూడా సరిగ్గా రావట్లేదు అన్నారు కదండీ, సమస్య మీలో లేదు, ఆ ఫోన్‌లోనే ఉంది. ఫ్రెంచ్ డైరెక్టర్ జాక్ తాతీ దీన్ని 70 ఎంఎం పెద్ద తెర కోసం తీశాడు, క్లోజప్‌లు దాదాపు ఉండవు, ఒకే ఫ్రేమ్‌లో నాలుగైదు కామెడీలు ఒకేసారి నడుస్తుంటాయి, చిన్న స్క్రీన్‌లో అవన్నీ చీమల్లా కనిపిస్తాయి. టీవీకి కనెక్ట్ చేసి చూడండి, సబ్‌టైటిల్స్ వదిలేయండి, మాటలు ఇక్కడ సౌండ్ లాంటివే. హీరో కోసం వెతక్కండి, మూలల్లో చూడండి.

రెస్టారెంట్ సీన్ దాకా మాత్రం ఆగండి ప్లీజ్. అద్దం తలుపు పగిలిపోతుంది, డోర్‌మన్ ఒట్టి హ్యాండిల్ పట్టుకుని లేని తలుపుని వచ్చినవాళ్ళందరికీ తెరుస్తూ మూస్తూ ఉంటాడు, ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వు ఆగదు!

పారిస్ శివార్లలో ఏకంగా ఒక ఊరంత సెట్ వేశాడు పాపం, 1967లో రిలీజైతే జనం రాలేదు, అప్పుల్లో తన పాత సినిమాల హక్కులు కూడా పోగొట్టుకున్నాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అప్పటికీ ఎక్కకపోతే ముందు 1958లో వచ్చిన తాతీ సినిమా మోనాంకల్ (Mon Oncle) చూసి రండి, అది చాలా ఈజీగా ఉంటుంది.