1922 నాటి జర్మనీ బాండు కొనొచ్చా?

ప్రశ్న: పాత నోట్లు సేకరిస్తుంటాను. మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకాయన 1922 నాటి లక్ష మార్కుల జర్మనీ ప్రభుత్వ బాండు చూపించి, రూ.1.80 లక్షలకు ఇస్తానంటున్నాడు. 'ప్రాసెసింగ్ ఫీజు' కడితే జర్మనీ ప్రభుత్వం బంగారం లెక్కన కోట్లు ఇస్తుందట. కొనొచ్చా?

జవాబు: బాండు కొనడం తప్పేమీ కాదండీ, కానీ ఆ రేటుకి, ఆ కథ నమ్మి మాత్రం వద్దు.

1923 నవంబరు నాటికి ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వాల్సి వచ్చింది, అంటే మీ లక్ష మార్కులకు అప్పుడు అగ్గిపుల్ల కూడా రాదు. ఆ అప్పు కాలదోషం పట్టి పోయిందని చాలామంది అనుకుంటారు, నిజానికి చట్టం చేసి మరీ తీర్చేశారు. 1925 జూలై 16 నాటి చట్టం ప్రకారం మామూలు ప్రభుత్వ బాండ్లకు 1000 మార్కులకు 25 కొత్త మార్కుల చొప్పున వేరే బాండు ఇచ్చారు. 1920 జూలై 1కి ముందు నుంచీ దగ్గర ఉంచుకున్నవాళ్లకు అదనంగా లాటరీ హక్కు ఇచ్చారు, డ్రాలో పేరొస్తే దానికి ఐదు రెట్లు. మీకు చూపించింది 1922 నాటిది, 1920కి అది అచ్చే కాలేదు, కాబట్టి ఆ హక్కు దానికి ఎలా వస్తుందో ఆయన్నే అడగండి.

ఇక బంగారం మాట. బంగారం లెక్క ఉన్నవి 1924 నాటి డాస్, 1930 నాటి యంగ్ రుణాల బాండ్లు (మొదటి ప్రపంచ యుద్ధ నష్టపరిహారం వ్యవహారంలో జర్మనీ తీసుకున్న అప్పులు), అవి వేరే సంగతి, విదేశాల్లో అమ్మినవి. వాటి చివరి చెల్లింపు కూడా 2010 అక్టోబరు 3న అయిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బెర్లిన్‌లో దోపిడీకి గురైన బాండ్లు మళ్లీ బయటికొస్తాయని, వాటికి డబ్బు అడిగేవాళ్లను 1945 జనవరి 1న ఆ కాగితం జర్మనీ బయట ఉందని రుజువు చూపించమన్నారు. మోసగాళ్లు ఈ రెండు రకాలనూ కలిపేసి చెబుతారు. అమెరికా ప్రభుత్వ సంస్థలు కూడా ఇలాంటి 'చారిత్రక బాండ్ల' మోసాల గురించి హెచ్చరించాయి.

సరదాకి కావాలంటే మీ అబ్బాయినే అక్కడ పాత కాగితాలమ్మే దుకాణంలో కొనమనండి, మామూలువి చవకే, వడ్డీ కూపన్లు చింపకుండా ఉన్నవైతే ఇంకా బాగుంటాయి. రసీదులో 'సేకరణ వస్తువు, చెల్లింపు హక్కు లేదు' అని రాయించుకోండి. ఇక్కడికి తెచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లకు ఆ రసీదే చూపించాలి, దాచొద్దు. ఒక మెలిక ఉంది: మన 1972 నాటి పురావస్తు చట్టంలో చారిత్రక విలువున్న పత్రాలకు 75 ఏళ్లు నిండితే చాలు, కాబట్టి రేపు మళ్లీ విదేశానికి అమ్మాలంటే పురావస్తు శాఖను అడక్కుండా పోస్టు చేయొద్దు.

ఆ ఫీజు ఇప్పటికే కట్టేశారా? మీ ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. కట్టి ఉంటే ఈరోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయండి, చాటింగ్ చెరపకండి. భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద అది చీటింగే.